ఫోటోగ్రఫీని వృత్తిగా తీసుకోవాలంటే: కెమెరా కొనే ముందు మీ దారి వెతుక్కోవడం ఎలా

"అన్నా, ఫోటోగ్రఫీలో కెరీర్ ఉంటుందా?" అని అడిగే తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ నేను ముందు ఒకటే అడుగుతాను: ఏ ఫోటోగ్రఫీ? పెళ్లిళ్లు తీసేవాళ్ల రోజుకీ, పట్టుచీరల షాపుకి క్యాటలాగ్ తీసేవాళ్ల రోజుకీ, పేపర్లో పనిచేసే ఫోటోగ్రాఫర్ రోజుకీ కెమెరా తప్ప ఇంకేదీ కలవదు. ఒకరు తెల్లవారుజాము ముహూర్తానికి కల్యాణమండపంలో నిద్ర ఆపుకుంటూ నిలబడి ఉంటారు, ఒకరు ఏసీ గదిలో ఒకే నెక్లెస్‌ని పొద్దుటి నుంచి అటూ ఇటూ తిప్పుతూ తీస్తుంటారు, ఇంకొకరు ఇందిరా పార్కు ధర్నా చౌక్ దగ్గర ఎండలో పరిగెడుతుంటారు. వీటిలో మీకు ఏది సరిపోతుందో ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటోలు చూస్తే తెలియదు. ఫోటో నచ్చడం వేరు, ఆ ఫోటో తీసేవాళ్ల బతుకు మీకు నచ్చడం వేరు. చాలామంది మొదటిదాన్ని చూసి లోన్ పెట్టి కెమెరా కొంటారు, రెండోది తెలిసేసరికి ఈఎంఐలు సగంలో ఉంటాయి.

అందుకే కింద చెప్పే పనుల్లో డబ్బు ఖర్చయ్యేవి వెనక్కి పెట్టాను. వరుస మార్చకుండా చేయండి.

మొదటి పని: నోటుబుక్కు తీసి నాలుగు ప్రశ్నలు రాయండి

మీకు ఆసక్తి ఉన్న ఒక్కో రకం ఫోటోగ్రఫీకి ఒక్కో పేజీ వదలండి. ప్రతి పేజీ మీదా ఇవే ప్రశ్నలు: డబ్బు ఎవరిస్తారు? ఎప్పుడిస్తారు? రోజంతా ఎవరి మధ్య గడపాలి? షూట్ అయిపోయాక ఇంకెంత పని మిగులుతుంది?

నాలుగో ప్రశ్న ఎవరూ పట్టించుకోరు. రెండు రోజుల పెళ్లిని ఇద్దరు కలిసి తీస్తే ఫోటోలు వేలల్లో వస్తాయి. వాటిని ఏరాలి, రంగులు సరిచేయాలి, ఆల్బమ్ డిజైన్ చేయించి పెళ్లివాళ్లకి చూపించాలి, "మా పెద్దమామయ్య ఫోటో ఎక్కడా లేదేంటి బాబూ" అంటే ఆ పేజీ మళ్లీ మార్చాలి, అప్పుడు ల్యాబ్‌కి పంపాలి. ఇదంతా వారాల పని, అదీ కంప్యూటర్ ముందు. గంటలకొద్దీ స్క్రీన్ ముందు కూర్చోవడం మీ వల్ల కాదనుకుంటే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది.

జవాబు తెలియనిచోట ఊహించి రాయకండి, ఖాళీగా ఉంచండి. మూడో పని ఉన్నది ఆ ఖాళీలు నింపడానికే.

రెండో పని: మన దగ్గర నిజంగా ఉన్న దారులు చూడండి

*పెళ్లిళ్లు, ఫంక్షన్లు.* మన రెండు రాష్ట్రాల్లో ఫోటోగ్రాఫర్లకి ఎక్కువగా అన్నం పెట్టేది ఇదే. పెళ్లి ఒక్కటే కాదు, నిశ్చితార్థం, సీమంతం, బారసాల, అన్నప్రాశన, ఓణీల ఫంక్షన్, పంచెకట్టు, గృహప్రవేశం, షష్టిపూర్తి వరకు ఒక కుటుంబంతో ఏళ్ల తరబడి సంబంధం ఉంటుంది. ఒక ఇంట్లో పెళ్లి బాగా తీస్తే రెండేళ్లకి బారసాల ఫోన్ కూడా మీకే వస్తుంది. ఇందులోనే మళ్లీ ట్రెడిషనల్ ఫోటో, ట్రెడిషనల్ వీడియో, క్యాండిడ్ (పోజు లేకుండా సహజంగా తీసేది), సినిమాటిక్ (సినిమాలా తీసే వీడియో), డ్రోన్ అని వేర్వేరు మనుషులు. స్టేజీ మీద వరుస కట్టిన బంధువుల్ని ఓపిగ్గా తీసే ట్రెడిషనల్ పనిని కొత్తవాళ్లు తక్కువగా చూస్తారు, నాకది అస్సలు నచ్చదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఇంటివాళ్లు ఆల్బమ్ తెరిచి వెతుక్కునేది పోయిన తాతగారి ముఖాన్ని, అది ఆ గ్రూపు ఫోటోల్లోనే ఉంటుంది.

ఈ పని ఎంత కష్టమో జీలకర్ర-బెల్లం దగ్గర తెలుస్తుంది. మధ్యలో తెర, అటు పెళ్లికూతురు, ఇటు పెళ్లికొడుకు. పంతులుగారు సమయం చూసి చెప్పగానే ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెడతారు, మేళం జోరందుకుంటుంది, తెర తీస్తారు, అక్షింతలు పడతాయి, సరిగ్గా అప్పుడే పిన్నులూ అత్తలూ ఫోన్లు పట్టుకున్న కజిన్లూ అందరూ మీ ముందుకి వంగుతారు. మీకు దొరికేది కొన్ని సెకన్లు, మళ్లీ పెట్టమని అడగలేరు. కాబట్టి ఎక్కడ నిలబడాలో అరగంట ముందే తేల్చుకోవాలి. పంతులుగారిని ముందే పలకరించి "గురువుగారూ, తెర ఏ వైపుకి తీస్తారు?" అని అడిగి పెట్టుకోవాలి. రెండో కెమెరా ఎదురు వైపు ఉండాలి. తలంబ్రాలప్పుడు షటర్ స్పీడు (కెమెరా తెర తెరుచుకుని మూసుకునే వేగం) 1/500 సెకనుకి తగ్గకుండా చూసుకుంటే గింజలు గాల్లో విడివిడిగా కనిపిస్తాయి, తగ్గితే తెల్లటి గీతలే మిగులుతాయి. అంత ఒత్తిడిలో కూడా అడ్డంగా నిలబడ్డ పెద్దావిడతో "అమ్మా, కొంచెం ఇటు జరుగుతారా" అని నవ్వుతూ అనగలిగితే మీరు ఈ పనికి సరిపోతారు.

పంచాంగం పక్కన పెట్టుకుని ఆదాయం లెక్కేసుకోవాల్సిన వృత్తి ఇది. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వస్తే ఖాళీ ఇంకా పెరుగుతుంది. మాఘం, వైశాఖం, శ్రావణం లాంటి నెలల్లో ఒకే రోజుకి మూడు ఫోన్లు వస్తాయి. నెలనెలా సమానంగా డబ్బు రాకపోతే టెన్షన్ పడే మనిషైతే ఇది ఒక్కటే నమ్ముకోకండి.

*ప్రోడక్ట్, క్యాటలాగ్ షూట్లు.* పగటి పూట పని, నెలవారీ ఖాతాదారులు, నిద్ర చెడదు. మంగళగిరి, ధర్మవరం, గద్వాల, పోచంపల్లి చీరలు ఇప్పుడు వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాలోనూ అమ్ముడవుతున్నాయి, ప్రతి కొత్త స్టాకుకీ ఫోటోలు కావాలి. ఇందులో అసలు పరీక్ష రంగు. ఫోటోలో నెమలికంఠంలా కనిపించిన చీర ఇంటికొచ్చాక ముదురు నీలంగా ఉంటే అది వెనక్కి వస్తుంది, మీ మీద షాపువాళ్లకి నమ్మకం పోతుంది. అందుకని గదిలో ట్యూబులైట్లు, కిటికీ వెలుగు కలవకుండా ఒకే రకం లైట్లు పెట్టాలి, మొదటి షాట్‌లో చీర పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి వైట్ బ్యాలెన్స్, అంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు వచ్చే సెట్టింగ్, సరిచేయాలి, ఎడిటింగ్ చేసేటప్పుడు అసలు చీర టేబుల్ మీదే ఉండాలి. జరీ అంచు మీద లైటు సూటిగా పడితే తెల్లగా మాడిపోయి నేత కనిపించదు. పెద్ద సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తగా పరిచే గుడ్డ డబ్బా) పక్క నుంచి వేస్తే జరీ మెరుస్తూనే పోగులు కూడా తెలుస్తాయి. ఏఐతో మోడల్ ఒంటి మీద చీర కట్టించేసే బొమ్మలు వచ్చేశాయి కాబట్టి, ఏదో ఒకటి చౌకగా తీసిచ్చే పనికి ఇక్కడ గట్టి దెబ్బే. ఉన్న చీరని ఉన్నట్టు చూపించగలిగితేనే మీకు పని ఉంటుంది.

నగలు, హోటళ్ల మెనూ ఫోటోలు, ఇళ్ల ఇంటీరియర్లు, బిల్డర్ల ప్రాజెక్టులు కూడా ఈ కోవలోకే వస్తాయి. మనుషులతో ఎక్కువ మాట్లాడలేని, ఓపిక బాగా ఉన్నవాళ్లకి ఇవి బాగా నప్పుతాయి.

*ఊళ్లో స్టూడియో.* పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, స్కూలు గ్రూపులు, ఫ్రేములు, పెద్దకర్మకి ఎన్లార్జ్ చేసే ఫోటోలు. చిన్న పనులే, కానీ రోజూ గల్లాలో డబ్బు పడుతుంది, సీజన్‌తో సంబంధం లేదు. పిల్లలు విదేశాలకి వెళ్లే ఊళ్లలో వీసా ఫోటోలు బాగా నడుస్తాయి. అమెరికా వీసాకి 2 అంగుళాల చదరం, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, కళ్లద్దాలు ఉండకూడదు. ఇలా ఏ దేశానికి ఏం కావాలో తెలిసిన స్టూడియోకి చుట్టుపక్కల మండలాల నుంచి కూడా వస్తారు.

*పేపర్లు, వార్తాసంస్థలు.* జీతాలు పెద్దగా ఉండవు, స్టాఫ్ ఉద్యోగాలు తక్కువ, జిల్లాల్లో చాలావరకు ఫోటోకి ఇంత అని ఇచ్చే పద్ధతి. కానీ వరదలు, ఎన్నికలు, రైతుల ఆందోళనలు, వీటిని దగ్గరగా చూపించాలన్న తపన ఉంటే దీనికి సాటి లేదు. వేగం, క్యాప్షన్‌లో పేర్లు తప్పు రాకుండా రాసుకునే అలవాటు, ఫోటోలో ఉన్నదాన్ని చెరపకుండా, లేనిదాన్ని కలపకుండా పంపే నిజాయితీ, ఈ మూడూ కావాలి.

*సినిమా స్టిల్స్.* సెట్‌లో స్టిల్ ఫోటోగ్రాఫర్ పని, సినిమాటోగ్రాఫర్ పని పూర్తిగా వేర్వేరు. పోస్టర్లకి, ప్రచారానికి కావాల్సిన ఫోటోలు స్టిల్ ఫోటోగ్రాఫర్ చూస్తారు. యూనియన్ సభ్యత్వం, తెలిసినవాళ్ల ద్వారా పిలుపు, ఇవి లేకుండా లోపలికి వెళ్లడం కష్టం, అసిస్టెంట్‌గానే మొదలవ్వాలి. మీ మనసు సినిమాటోగ్రఫీ మీద ఉంటే అది వేరే చదువు: పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లో అన్నపూర్ణ కాలేజీ లాంటివి చూడండి.

*ప్రభుత్వ ఉద్యోగాలు.* పురావస్తు శాఖ, ఫోరెన్సిక్ ల్యాబులు, నేరం జరిగిన చోట ఆధారాలు సేకరించే పోలీసు క్లూస్ టీములు, సమాచార పౌర సంబంధాల శాఖ, వీటిలో ఫోటోగ్రాఫర్లు ఉంటారు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ పడవు. అర్హతలు చూసి పెట్టుకోండి, కానీ వాటి కోసమే కూర్చోకండి.

*అడవి, పక్షులు.* అందరికీ ఇష్టమైనది, డబ్బు అన్నిటికన్నా తక్కువ వచ్చేది. ఈ రంగంలో పేరున్నవాళ్లలో చాలామందికి వేరే ఉద్యోగమో వ్యాపారమో ఉంటుంది, లేదా వర్క్‌షాపులు, టూర్లు నడుపుతారు. నేర్చుకోవడానికి మాత్రం మనకి మంచి చోట్లున్నాయి: గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ దగ్గరగా కనిపిస్తాయి, కొల్లేరులో ఆటపాక, నెల్లూరు వైపు నేలపట్టు, చలికాలంలో పులికాట్‌లో ఫ్లెమింగోలు. గూళ్ల దగ్గరికి వెళ్లకండి, తల్లి ఎగిరిపోతే పిల్లలు ఎండకి చచ్చిపోతాయి.

*ఎడిటింగ్, మిక్సింగ్ (వీడియోలు కూర్చి సిద్ధం చేయడం), ఆల్బమ్ డిజైన్.* కెమెరా పట్టకుండానే ఈ రంగంలో బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లో నుంచి చేయొచ్చు, మంచి కంప్యూటర్, మంచి మానిటర్ చాలు. రాత్రుళ్లు బయట తిరగలేనివాళ్లు, చిన్నపిల్లలున్న తల్లులు దీన్ని తప్పకుండా ఒక పేజీలో రాసుకోవాలి.

మూడో పని: కనీసం మూడు రకాల పనులకి అసిస్టెంట్‌గా వెళ్లండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, చాలామంది ఎగ్గొట్టేది కూడా ఇదే. మీ జిల్లాలో మీకు నచ్చిన ఫోటోగ్రాఫర్లకి మెసేజ్ పెట్టండి, "నేర్పిస్తారా" అని కాదు, మీరు వాళ్లకి ఎలా పనికొస్తారో చెప్పండి. "నమస్తే అన్నా, నేను తెనాలిలో ఉంటాను, వచ్చే నెల మీ ఆర్డర్లకి లైట్లు పట్టుకోవడానికి, బ్యాగులు చూసుకోవడానికి వస్తాను, నాకు బండి ఉంది, రాత్రి ముహూర్తమైనా పర్లేదు." ఇలాంటి మెసేజ్‌కి జవాబు వస్తుంది, ఎందుకంటే సీజన్‌లో మనుషులు దొరకరు. మొదట్లో ఎక్కువ ఇవ్వకపోవచ్చు. రాకపోకల ఖర్చు, భోజనం, ఎంతో కొంత రోజుకూలి మాత్రం ముందే మాట్లాడుకోండి. నెలల తరబడి ఉచితంగా తిప్పుకునేవాళ్ల దగ్గర ఉండకండి.

వెళ్లాక ఏం చేయాలి? బ్యాటరీలన్నీ ముందు రాత్రే చార్జింగ్ పెట్టాలి, నిండిన మెమరీ కార్డులు ఒక జేబులో, ఖాళీవి ఇంకో జేబులో, ఎప్పుడూ కలపకూడదు. మండపం వదిలే లోపే ఫోటోలు రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి వెళ్లాలి. ఈ పనులు పొరపాటు లేకుండా చేసే మనిషిని ఎవరూ వదులుకోరు.

మీరు వెళ్లిన ఫోటోగ్రాఫర్ ఫోటో ఎలా తీస్తున్నారన్న దానికన్నా మనుషులతో ఎలా మాట్లాడుతున్నారో గమనించండి. పెళ్లికొడుకు తండ్రి కోప్పడితే ఏమన్నారు, బ్యాలెన్స్ డబ్బు ఎప్పుడు అడిగారు, కరెంటు పోతే ఏం చేశారు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో అడగండి: ఈ ఆర్డరులో మీకు ఎంత మిగులుతుంది, ఖాళీ నెలల్లో ఎలా గడుస్తుంది, మళ్లీ మొదలుపెడితే ఇదే చేస్తారా. ఆ ప్రయాణంలో చెప్పే మాటలు ఏ కోర్సులోనూ చెప్పరు. అక్కడ తీసిన ఫోటోలు అడక్కుండా మీ పేజీలో పెట్టుకోవద్దు, ఒక్కసారి అలా చేస్తే ఆ ఊళ్లో మిమ్మల్ని ఎవరూ పిలవరు.

అమ్మాయిలు ఈ రంగంలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. పెళ్లికూతురు తయారయ్యే గదిలో, ఓణీల ఫంక్షన్లలో, సీమంతం, పుట్టిన బిడ్డల షూట్లలో మహిళా ఫోటోగ్రాఫరే కావాలని అడిగే కుటుంబాలు ఎన్నో. రాత్రి పనికి ఒప్పుకునే ముందు బట్టలు మార్చుకోవడానికి గది, ఇంటికి చేర్చడానికి వాహనం ఇస్తారా అని అడగండి, మీ సొంత ఆర్డర్లలో ఆ రెండూ కాగితం మీద రాయించండి. మొహమాటపడాల్సిన విషయం కాదిది.

నాలుగో పని: నేర్చుకోండి, కానీ ఫీజు కట్టే ముందు ఆలోచించండి

ఫోన్‌తోనే మొదలుపెట్టొచ్చు. అమ్మ వంటింట్లో కిటికీ పక్కన కూరగాయలు తరుగుతుంటే ఉదయం ఏడింటికి ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఐదింటికి ఒకటి తీయండి, అదే మనిషి, అదే చోటు. ముక్కు నీడ ఎటు పడింది, కళ్లలో వెలుగు ఉందా లేదా, ముఖం ఏ వేళ మెత్తగా ఉంది, ఏ వేళ అలిసిపోయినట్టుంది, రోజూ చూస్తుంటే వెలుగు అర్థమవుతుంది. వెలుగు తెలిశాక అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలి), షటర్, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలి) నేర్చుకోవడం కొన్ని వారాల పని.

చదువు కావాలంటే దారులు ఇవీ. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ అండ్ విజువల్ కమ్యూనికేషన్‌లో 4 ఏళ్ల బీఎఫ్‌ఏ ఉంది, ఇంటర్ తర్వాత ఎంట్రెన్స్ రాయాలి. డిగ్రీ అయినవాళ్లకి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) గాంధీనగర్ క్యాంపస్‌లో ఫోటోగ్రఫీ డిజైన్ మాస్టర్స్ ఉంది, పోటీ చాలా ఎక్కువ. కొన్ని ఐటీఐల్లో డిజిటల్ ఫోటోగ్రాఫర్ అనే ఏడాది ట్రేడ్ ఉంటుంది, పదో తరగతి చాలు. ఉద్యోగం, ప్రకటనల రంగం, బోధన, విదేశీ చదువు వైపు వెళ్లాలనుకుంటే డిగ్రీ పనికొస్తుంది. పెళ్లిళ్లకి, స్టూడియోకి ఎవరూ సర్టిఫికెట్ అడగరు.

మూడు నెలల ప్రైవేటు కోర్సులకి పెద్ద ఫీజు కట్టే ముందు, గత బ్యాచ్‌లో చదివినవాళ్ల నంబర్లు ఇద్దరివి అడగండి, ఇప్పుడు ఏం చేస్తున్నారో వాళ్లతోనే మాట్లాడండి. నంబర్లు ఇవ్వకపోతే ఆ ఫీజు మీ దగ్గరే ఉంచుకోండి.

ఐదో పని: కెమెరా అద్దెకి, తర్వాత సెకండ్‌హ్యాండ్, ఆఖరికి కొత్తది

మొదటి కొన్ని ఆర్డర్లకి అద్దెకి తీసుకోండి. దాదాపు ప్రతి జిల్లా కేంద్రంలోనూ అద్దెకిచ్చేవాళ్లున్నారు. రెండు మూడు రకాలు వాడాక మీ పనికి ఏది కావాలో మీకే తెలుస్తుంది. బాడీ (లెన్స్ లేని కెమెరా) మీద డబ్బంతా పెట్టి, దానితో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో సరిపెట్టుకోవద్దు. పాత బాడీ అయినా అపర్చర్ బాగా తెరుచుకునే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి ఉంటే తక్కువ వెలుతురులో మీకు ధైర్యంగా ఉంటుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టారో) అడగండి, చాలా కెమెరాల షటర్లు లక్ష నుంచి రెండు లక్షల క్లిక్కుల వరకు అని తయారీదారులే చెబుతారు. లెన్స్ రెండు మూతలూ తీసి ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి చూడండి, లోపల సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్, ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో వాడిన లెన్సులని ఇంకా జాగ్రత్తగా చూడాలి, మీరు ఉండేది కూడా అక్కడే అయితే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచుకోండి. సెన్సార్ (వెలుగుని ఫోటోగా మార్చే భాగం) కోసం అపర్చర్ ఎఫ్ 16లో పెట్టి ఆకాశాన్ని ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే మచ్చలన్నీ బయటపడతాయి. బిల్లు మీద నంబరు, బాడీ మీద నంబరు కలవాలి.

డ్రోన్ విషయంలో తొందర వద్దు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఫంక్షన్ హాల్ ఉన్న చోటు చూసుకున్నాకే ఆర్డర్‌కి ఒప్పుకోండి. తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించింది, కాబట్టి బిల్లు లేకుండా అమ్మే విదేశీ డ్రోన్ కొంటే రేపు రిపేరుకి కూడా ఎవరూ బాధ్యత తీసుకోరు. మొదట్లో డ్రోన్ ఉన్నవాళ్లని రోజు లెక్కన పిలుచుకోవడమే మేలు.

ఆరో పని: పోర్ట్‌ఫోలియోలో ఒకటే రకం పెట్టండి

ఇరవై ఫోటోలు చాలు, కానీ అన్నీ మీరు అమ్మాలనుకునే పనివే అయి ఉండాలి. చీరల షాపు ఓనర్ మీ పేజీ తెరిచి సూర్యాస్తమయాలూ చార్మినార్ పావురాలూ చూస్తే ఫోన్ పక్కన పెట్టేస్తాడు. ఆర్డర్లు లేకుండా ఫోటోలు ఎక్కడి నుంచి వస్తాయంటే, అత్తయ్య దగ్గర నాలుగు పట్టుచీరలు అడిగి తీసుకుని ఒక ఆదివారం తీయండి. వీధి చివర టిఫిన్ సెంటర్‌కి వెళ్లి "పది ఐటెమ్స్ తీసిస్తాను, మీరు వాడుకోండి, నేనూ పెట్టుకుంటాను" అని అడగండి. ఇలాంటివి ఒకట్రెండు ఉచితంగా చేయడం వేరు, "మనవాడేగా" అని చుట్టాలు పెళ్లి మొత్తం ఉచితంగా తీయించుకోవడం వేరు. చుట్టాలకి తగ్గించండి, కానీ ఆల్బమ్ ఖర్చు, మనుషుల ఖర్చు తీసుకోండి, మొహం మీద చెప్పలేకపోతే మీ అమ్మగారితోనో బాబాయితోనో చెప్పించండి.

ఏడో పని: రేటు లెక్క కట్టండి, కాగితం రాయించండి

పక్కవాడు ఎంత తీసుకుంటే దానికన్నా ఐదు వేలు తక్కువ అనడం రేటు కాదు. ఒక ఉదాహరణ లెక్క చూడండి, అంకెలు మీ ఊరిని బట్టి మార్చుకోండి. పెళ్లి ప్యాకేజీ 80,000 అనుకుందాం. రెండో ఫోటోగ్రాఫర్‌కి 10,000, వీడియోకి 14,000, డ్రోన్‌కి 6,000, మిక్సింగ్‌కి 8,000, ఆల్బమ్ ప్రింటింగ్‌కి 12,000, ప్రయాణాలకి 4,000, మొత్తం 54,000 పోయింది. మిగిలింది 26,000. మీ పని షూట్ 2 రోజులు, ఎడిటింగ్ 6 రోజులు, మాట్లాడటానికీ ల్యాబ్‌కీ తిరిగింది 2 రోజులు, అంటే 10 రోజులు. మీ సామాను 3 లక్షలదైతే, నాలుగేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 75,000. ఏడాదికి 25 ఆర్డర్లు చేస్తే ఒక్కో ఆర్డర్ మీద 3,000 దానికే పోతుంది. చివరికి రోజుకి 2,300. మంచిదా కాదా అన్నది మీరే చూసుకోండి, కానీ ఈ లెక్క వేయకుండా "80 వేల ఆర్డర్ కొట్టాం" అని సంబరపడకండి. బేరంలో 15,000 తగ్గిస్తే ఆ తగ్గింపు మొత్తం మీ 26,000 లోంచే పోతుంది, ఇంకెవరి వాటా తగ్గదు.

డబ్బు మూడు విడతలు: బుకింగ్‌కి కొంత, పెళ్లి రోజు ఉదయానికి ఎక్కువ భాగం, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు చివరిది. చివరి విడత చిన్నదిగా ఉంచండి, ఆగిపోయేది ఎప్పుడూ అదే. ఒక పేజీ కాగితం చాలు, తెలుగులోనే రాసుకోండి: తేదీలు, ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు, ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, మార్పులు ఎన్నిసార్లు చేస్తారు, రద్దయితే అడ్వాన్సు ఏమవుతుంది, ఫోటోలు ఎన్ని నెలలు మీ దగ్గర భద్రంగా ఉంచుతారు.

హక్కుల గురించి ఒక మాట రాయడం మర్చిపోవద్దు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. చాలామంది ఫోటోగ్రాఫర్లు నేను తీశాను కాబట్టి నాదే అనుకుంటారు. మీ పేజీలో పెట్టుకోవాలంటే ఆ అనుమతి కాగితంలో ఉండాలి, పెళ్లికూతురు వద్దంటే ఆ మాట అక్కడితో ఆగాలి.

పన్నుల సంగతి క్లుప్తంగా: సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్న వ్యాపారాల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైట్‌లో ఉచితం, దానికి డబ్బు అడిగేవి ప్రైవేటు సైట్లు. సామానుకి అప్పు కావాలంటే వ్యక్తిగత లోన్ కన్నా ముందు బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం అడగండి, 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, పూచీకత్తు అక్కర్లేదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి వీకెండ్ ఫంక్షన్లు తీద్దామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: ఎఫ్-1 (చదువు), హెచ్-1బీ (ఉద్యోగం) వీసాల మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా డబ్బు తీసుకుని పక్క పని చేస్తే వీసాకే ముప్పు. ముందు లాయర్‌ని అడగండి.

ఎనిమిదో పని: ఉద్యోగం ఎప్పుడు మానాలో అంకెలతో తేల్చుకోండి

సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయిన రాజా దీన్‌దయాళ్ అంతటివారు కూడా ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేస్తూనే 1870ల్లో ఫోటోలు మొదలుపెట్టారు, అందులో నిలదొక్కుకున్నాకే ఉద్యోగం వదిలారు. మీరూ డిగ్రీ పూర్తి చేయండి, లేదా ఉన్న ఉద్యోగంలోనే ఉండి శని, ఆదివారాలు పని చేయండి. ఒక పెళ్లిళ్ల సీజన్, ఒక ఖాళీ సీజన్, రెండూ కలిపి ఒక ఏడాది ఆదాయం, ఖర్చు నెలవారీగా రాయండి. తెలియని మనుషుల నుంచి, అంటే చుట్టాలూ స్నేహితులూ కాని వాళ్ల నుంచి, ఎన్ని ఫోన్లు వచ్చాయో విడిగా రాయండి. ఇంటి ఖర్చు ఆరు నెలలకి సరిపడా బ్యాంకులో ఉండి, తెలియనివాళ్ల ఆర్డర్లే సగానికి పైగా ఉంటే ఇంట్లో కూర్చోబెట్టి ఆ పుస్తకం చూపించండి. నాన్నకి మీ ఫోటోల కన్నా ఆ పేజీలే త్వరగా అర్థమవుతాయి.

అంకెలు అంతవరకు రాకపోతే ఇంకో ఏడాది ఉద్యోగంతో పాటే నడపండి, లేదా మొదటి నోటుబుక్కులో రెండో పేజీ తీసి ఇంకో రకం ప్రయత్నించండి. పెళ్లిళ్లలో కుదరనివాళ్లు నగల షూట్లలో స్థిరపడ్డారు, షూటింగే వద్దనుకున్నవాళ్లు మిక్సింగ్ యూనిట్ పెట్టి నలుగురికి పనిచ్చారు. ఇప్పుడు ఆషాఢమో మూఢమో నడుస్తుంటే ఇంకా మంచిది, ఫోటోగ్రాఫర్లు కాస్త ఖాళీగా ఉంటారు, మీ మెసేజ్ చదివే తీరిక ఉంటుంది. తర్వాతి ముహూర్తాలు మొదలయ్యేలోపే ముగ్గురికి పంపండి.